గీత పైన నీళ్ళు

మా తమ్ముడి శవం దగ్గర నాకంటే ఎక్కువ ఏడ్చింది ఒక ఆడమనిషి. ఆమె ఎవరో నాకు తెలియదు.

ఎమ్మిగనూరులో మా పుట్టింటి వీధి అంతా మగ్గాల వాళ్ళదే. ఎవరింటి కోడలు ఎవరో, ఏ ఇంట్లో ఏ మగ్గం ఆడుతోందో నాకు కంఠతా వచ్చు. ఈమె మా వీధి మనిషి కాదు, మా చుట్టం అంతకంటే కాదు. నలభై అయిదు దాటి ఉంటాయి. జుట్టులో, జాకెట్ భుజాల మీద పత్తి నూగు అంటుకుని ఉంది, పని మధ్యలోంచి లేచి వచ్చినట్టు. వచ్చీరాగానే మా తమ్ముడు తిప్పేస్వామి పక్కన కూలబడి, వాడి ఎడమచేతిని చెంపకు ఆనించుకుని, "ఆడతాండే మగ్గం నిల్చిపాయ గదప్పా... నిల్చిపాయ గదా తమ్ముడా" అని గుండెలు బాదుకుంది.

నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

మూడేళ్ళ కింద వాడి రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆ ఎడమచేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేళ్ళు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని కొట్టుకోవడం తెలిసేది. మొదటిసారి వాడే నా చేయి పట్టుకుని అక్కడ పెట్టించి, "సూడక్కా, నా సేతిలోనే మగ్గం పెట్టినారు" అని నవ్వాడు. ఆ చేతిని ముట్టుకోవడానికి వాడి పెళ్ళాం సుధారాణికి కూడా భయమే. అందుకని ఆ మగ్గం మాట వాడికీ నాకూ మధ్య మాట అనుకున్నాను. మరి ఈ పత్తి మనిషికి ఎట్లా తెలిసింది?

"ఎవరే ఆమె?" అని సుధారాణిని మోచేత్తో పొడిచి అడిగాను.

సుధారాణి నీళ్ళు నమిలింది. "దేవక్క, వదినా. ఆదోనిలో డయాలసిస్ కాడ పరిచయం."

దేవక్క అట. పేరులోనే అక్కను పెట్టుకుని వచ్చింది.

తమ్ముడు పోయిన రోజున ఇట్లాంటి ఆలోచనలేమిటి అంటారేమో. కడుపులో ఒక పక్క దుఃఖం, ఒక పక్క మంట. ఏది ఎక్కువ అని అడిగితే నేను అబద్ధం చెప్పను.

వాణ్ణి పెంచింది నేను. మా అమ్మ గుంతమగ్గంలో కాళ్ళు దించి కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేది కాదు. నేను పదేళ్ళ పిల్లని, కుడిచేత్తో రాట్నం తిప్పి కండెలకు నూలు చుడుతూ, ఎడమ తొడ మీద వాణ్ణి నిద్రపుచ్చేదాన్ని. రాట్నం ఆగితే లేచి ఏడ్చేవాడు. వాడు అడిగింది లేదనడం నాకు ఎన్నడూ చేతకాలేదు. నా వంతు బొరుగులు వాడివే, నా వంతు బెల్లం వాడిదే. ఆరేళ్ళప్పుడు కామెర్లొస్తే నూనె వాసన కూడా తగలకూడదని పథ్యం పెట్టారు. రెండు రోజులు బజ్జీ బజ్జీ అని ఏడ్చాడు. మూడోరోజు లంగా మడతలో మిరపకాయ బజ్జీ దాచి తెచ్చి తినిపించాను. వాడు మళ్ళీ వారం రోజులు మంచం ఎక్కాడు, అమ్మ నా వీపు చీరేసింది. ఆ దెబ్బలు నాకు ఇప్పటికీ గర్వమే. వాడు కూడా పెద్దయ్యాక పదిమందిలో చెప్పుకునేవాడు, "మా అక్క నాకోసరం తన్నులు తినింది" అని.

నన్ను ఆదోనికి ఇచ్చారు. మా ఆయన వెంకటేశులుకు బజార్లో చిన్న బట్టల అంగడి. పెళ్ళయ్యాక తమ్ముడు ఏడాదికి రెండుసార్లు కనిపిస్తే గొప్ప. అందుకే డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు ఆదోని రావాలని తెలిసినప్పుడు, పాపిష్టిదాన్ని, లోపల్లోపల సంతోషించాను. ఆసుపత్రి నుంచి మా ఇల్లు ఆటోలో పది నిమిషాలు. సోమవారం, బుధవారం, శుక్రవారం వాడు నా వంటింట్లో పీట మీద కూర్చుంటాడు కదా! వాడు పడుకోవడానికి కొత్త పత్తితో దిండు కుట్టించాను. నా పెళ్ళిచీర అంచుతో దానికి గలేబు వేశాను.

అయిదు నెలలు వచ్చాడు. తర్వాత మానేశాడు. "బస్సుందక్కా, పోతా" అనేవాడు ఫోన్లో. క్యారియరు తీసుకుని ఆసుపత్రికి పోతే, "ఇంటికి పోయి తింటాలే అక్కా" అని దాన్ని సంచిలో పెట్టుకునేవాడు. ఒకసారి దిండు అడిగాడు, బస్సులో తలకింద పెట్టుకుంటానన్నాడు. అది అడిగినందుకే మురిసిపోయి ఇచ్చాను. పాపం, అలసట, తొందరగా ఇల్లు చేరాలని ఉంటుంది అనుకున్నాను. నా ఇంటికి రానివాడు ఇంకెవరింటికీ పోడని నమ్మాను.

మూడోనాడు సుధారాణిని వదలకుండా పట్టుకుంటే అప్పుడు బయటపడింది. మిషన్ మీంచి లేచాక వాడు పోయేది దేవక్క ఇంటికట. అక్కడే తిని, సాయంత్రం బస్సుదాకా అక్కడే పడుకునేవాడట. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, రెండున్నరేళ్ళు.

"ఆదోనిలో నేను బతికుండంగానే!" అన్నాను.

"ఊరుకో వదినా" అంది సుధారాణి. వాడి కూతురు అశ్విని అక్కడే కూర్చుని తల ఎత్తలేదు. అంటే ఇంట్లో అందరికీ తెలుసు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, నాకు తెలియని అక్క ఒకతె వీళ్ళందరికీ తెలుసు.

ఆదోనికి తిరిగొచ్చాక మా ఆయనకు చెప్పుకుని ఏడ్చాను. ఆయన పేపరు మడిచి, "సచ్చిపోయినోని కాడ గూడా పంపకాలేందే నీకు?" అన్నాడు. ఆ మొగమనిషికి ఏం తెలుసు!

శుక్రవారం మధ్యాహ్నం దేవక్క ఇల్లు వెతుక్కుంటూ పోయాను. దినానికి పిలవాలన్నది సాకు. మా తమ్ముడు నా వంట వదిలేసి ఏం చూసి పోయాడో నా కళ్ళతో చూడాలన్నది అసలు సంగతి.

పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ వెనక గల్లీలో ఒకే గది. రేకుల కప్పు. లోపల ఒక చాప, ఒక గ్యాసు పొయ్యి, గోడకు ఆమె మొగుడి ఫోటో, దానికి ఎండిన దండ. దండెం మీద మా తమ్ముడు నేసిన తువ్వాలు, నీలం గళ్ళది. చాప మీద నా దిండు.

నా పెళ్ళిచీర అంచు నన్ను చూసింది, నేను దాన్ని చూశాను.

"కూసోండక్కా" అంది దేవక్క.

"అక్కా అని పిలవాకు నన్ను."

ఆమె నీళ్ళు ముంచడానికి పోయింది. మంచినీళ్ళ కడవ అందరిళ్ళలో ఎదురుగా ఉంటుంది. ఈమె తలుపు వెనక దాచి, పైన పాత చీర కప్పింది. ఆ చీర తీసి, నాకు చెంబుతో నీళ్ళు ఇచ్చి, మళ్ళీ కప్పేసింది. నీళ్ళను కూడా దాచుకునే పిసినారి ఇల్లు అనుకున్నాను.

"మావాడు ఈడికి ఎందుకొస్తాండె?" అన్నాను.

"ఆసుపత్రికి దగ్గర గదా."

"నా ఇల్లేమన్నా హొళగుందలో ఉందా?"

ఆమె గోడ మీది ఫోటో వైపు చూసింది. "మా ఆయనదీ, తమ్మునిదీ పక్కపక్క మిషన్లు. ఆయన పోయినాక గూడా తమ్ముడు వస్తాండె."

"ఏం పెడ్తాంటివి?"

"ఏముంది, జొన్నరొట్టె, ఉప్పులేని పప్పు."

ఉప్పులేని పప్పు! నా ఉగ్గాని వదిలి, బజ్జీలు వదిలి, గుత్తివంకాయ వదిలి, మా తమ్ముడు ఉప్పులేని పప్పుకు ఈ గల్లీలోకి నడిచొచ్చాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

పొయ్యి పక్క గూట్లో ఒక చిన్న స్టీలు గ్లాసు ఉంది. దాని లోపల సగానికి కాస్త కింద మేకుతో గీసిన గీత. అంచు ఒక పక్క సొట్టపోయింది. నేను దాన్ని చూడటం ఆమె చూసింది.

"తమ్మునిదే" అని చిన్నగా నవ్వింది. "ఒకదినం నా మీదికి ఇసిరేసినాడు. ముండా అని తిట్టినాడు. బో కోపం గదా ఆయప్పకు."

మా తిప్పేస్వామికి కోపమా? నలభై ఏళ్ళలో నన్ను ఏమే అన్నవాడు కాదు. మిషన్ మీద ఉన్నప్పుడు కూడా నన్ను చూస్తే ముఖం కడుక్కున్నట్టు నవ్వేవాడు. ఆ మాట విన్నాక నాకు హాయిగా ఉండాలి. నన్ను ఎన్నడూ తిట్టలేదు, ఈమెను తిట్టాడు, కాబట్టి నేనే ఎక్కువ. కానీ అట్లా అనిపించలేదు. ఒంట్లో బాగాలేని మొగవాడు ఎవరిని తిడతాడు? తనవాళ్ళని తిడతాడు. చుట్టపుచూపుగా పోయిన చోట నవ్వుతాడు. నా ఇంట్లో వాడు నవ్వాడు.

దిగ్గున లేచాను. "పదకొండో దినం బుధవారం వస్తాది. వస్తే రా. ఆ దిండు నాది."

దేవక్క వంగి దిండు తీసి, దులిపి, రెండు చేతులతో ఇచ్చింది. ఆటోలో దాన్ని ముక్కుకు ఆనించుకున్నాను. వాడి తల వాసన, కొబ్బరినూనె. దాంతో పాటు ఆ గది వాసన కూడా. ఆదోని బజారంతా చూస్తుండగా ఏడ్చాను.

మా వాళ్ళలో పదకొండో రోజున ఎడ పెడతాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఫోటో ముందు విస్తరిలో వడ్డించి, చివర నీళ్ళు పెట్టి, అందరం బయటికొచ్చి తలుపు మూస్తాం. పోయినవాడు వచ్చి తిని పోవాలి. కాసేపయ్యాక ఒకరు తలుపు మూడుసార్లు తట్టి తెరుస్తారు. ఎవరు పడితే వాళ్ళు తట్టకూడదు. పోయినవాడి మనసు ఎవరి మీద ఎక్కువగా ఉందో వాళ్ళు తట్టాలి. నీళ్ళు పెట్టేదీ వాళ్ళే. మా నాయనకు అమ్మ తట్టింది, అమ్మకు తిప్పేస్వామి తట్టాడు. తిప్పేస్వామికి నేను తట్టాలని ఎవరూ అనకముందే నేను అనుకున్నాను. సుధారాణి కూడా, "నువ్వే వదినా" అంది. ఆ ఒక్క మాటతో పదకొండు రోజులు నెట్టుకొచ్చాను.

బుధవారం తెల్లారకముందే పొయ్యి ముట్టించాను. ఎవరినీ గరిటె తాకనివ్వలేదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, గుత్తివంకాయ, అలసందల వడలు, పెరుగన్నం. కుండెడు మజ్జిగ చిలికి, ఉప్పు, అల్లం, కొత్తిమీర వేశాను. రెండు టెంకాయ బోండాలు తెప్పించాను. వాడు నా ఇంట్లో చివరిసారి అడిగి తాగింది అవే. విస్తరి చాలక పక్కన ఇంకోటి వేశాను.

వడ్డన అయిపోయి, నీళ్ళ చెంబు చేతిలోకి తీసుకోగానే గడపలో దేవక్క కనిపించింది. ఉతికిన చీర కట్టుకుంది. ఒక చేతిలో ఫ్లాస్కు, ఒక చేతిలో సొట్ట గ్లాసు.

"ఏముంది దాంట్లో?" అన్నాను.

"ఐసుముక్కలు. నాలుగే."

"సచ్చినోనికి ఐసుముక్కలు పెడ్తావా? బతికినన్నాళ్ళు ఉప్పులేని పప్పు మేపితివి. కడవ దాచిపెట్టి నీళ్ళు గూడా లెక్కబెట్టి పోసింటావు. ఈపొద్దన్నా నా తమ్ముణ్ణి కడుపునిండా తిననీ. తీసకపో దాన్ని."

ఇంటినిండా జనం. దేవక్క సుధారాణి వైపు చూసింది. సుధారాణి గోడ వైపు తిరిగి, "సెప్పు దేవక్కా" అంది. "ఇంగ ఎవరికోసరం దాసల్ల?"

"ఎండాకాలం ఒకదినం మీ ఇంటికి వచ్చినాడంట" అంది దేవక్క. "మీరు సెంబుడు మజ్జిగ ఇచ్చినారంట. బోండం కొట్టిచ్చినారంట. ఇంగోటి అడిగితే ఇంగోటి ఇచ్చినారంట."

గుర్తులేకేం? ఎండలో వచ్చి, పెదాలు పిడచకట్టుకుని, నా వంటింటి గడపలో కూర్చున్నాడు. నీళ్ళు తగ్గించాలని డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. నీళ్ళు ఇవ్వలేదు కూడా. మజ్జిగ ఇచ్చాను. మజ్జిగ చలవ, బోండం మందు, ఒంట్లో వేడి లాగేస్తుంది. మా ఇళ్ళలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. రెండో బోండం దించి, కళ్ళు మూసుకుని, "పానం లేసొచ్చినట్టుందక్కా" అన్నాడు. రెండున్నరేళ్ళుగా ఆ మాటను కొంగున కట్టుకుని తిరుగుతున్నాను.

"ఆ రేత్రే ఊపిరాడక కర్నూలుకు తీసకపోయినారు" అంది దేవక్క. "ఊపిరితిత్తుల్లో నీళ్ళు నిండినాయంట. కిడ్నీలు పోయినోళ్ళకు బోండం నీళ్ళు పడవంట, గుండె నిల్చిపోబాయనంట. మూడుదినాలు ఐసీయూలో పెట్టినారు."

"నాకు జ్వరమని సెప్పినారే!" అన్నాను.

"నీకు సెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్యాడు వదినా" అంది సుధారాణి, గోడ వైపే.

దేవక్క ఫ్లాస్కు కింద పెట్టింది. "మా ఆయనకు నేనే పోసినా అమ్మా నీళ్ళు. దప్పిక దప్పికని ఏడుస్తాంటే సూడలేక పోసినా. అట్లే పాయ. అది తమ్మునికి తెల్సు. కర్నూలు నుంచి వచ్చినాక సీదా నా కాడికొచ్చినాడు. 'మా అక్క కాడికి పోతే నేను అడగకుండా ఉండలేను, అడిగితే మా అక్క ఇయ్యకుండా ఉండలేదు. లేదనే మనిషి కావాల నాకు దేవక్కా. అశ్విని పదో తరగతన్నా అయ్యేదాకా నేను బతకాల' అన్నాడు. అందుకే కడవ దాసిపెడ్తాంటి. గ్లాసుకు గీత గీస్తి. గీత దాటి పొయ్యకపోతే తిడ్తాండె, ఏడుస్తాండె, కాళ్ళు గూడా పట్టుకున్యాడు ఒకదినం. నేను పొయ్యలేదు. నోరు మరీ ఎండితే ఒక ఐసుముక్క ఇస్తాంటి."

అశ్విని ఈ ఏడాదే పదో తరగతి పాసయింది. మార్కులు చెప్పడానికి వాడే ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసే ముందు, "బస్సుందక్కా" అన్నాడు.

నేను విస్తరి ముందు కూర్చుండిపోయాను. అప్పుడు నాకేమనిపించిందో దాచను. పశ్చాత్తాపం తర్వాత వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. మొదట వచ్చింది అసూయే. అంతకుముందు పడిందంతా ఉత్త చిరాకు అనిపించేటంత అసూయ. నేను పెట్టినదానికి వాడు చావబోయాడు. ఆమె పెట్టనిదానికి రెండున్నరేళ్ళు బతికాడు. 'నాకు లేదని చెప్పక్కా' అని నాకొక్క మాట చెప్పలేదేం అనుకున్నాను. చెప్పినా నేను లేదనేదాన్ని కాదు. అది వాడికి తెలుసు. నన్ను నాకంటే బాగా ఎరిగినవాడు, నా మీద కోపం లేకుండా, నవ్వుతూ, నన్ను తప్పించుకుని తిరిగాడు.

ఫోటోలో కూడా నవ్వుతూనే ఉన్నాడు.

దేవక్క చేతిలోంచి గ్లాసు తీసుకుని విస్తరి పక్కన పెట్టాను. చెంబు ఆమె చేతికిచ్చాను.

"నువ్వు పొయ్యి" అన్నాను.

నీళ్ళు పోయడమంటే ఏమిటో ఆమెకు తెలియదు, మా వాళ్ళకు తెలుసు. వెనక ఎవరో గుసగుసలాడారు. సుధారాణి ఇటు తిరిగింది. దేవక్క వంగి, చెంబు వంచింది. సన్నటి ధార. గ్లాసులో నీళ్ళు పైకి వచ్చాయి. గీత దగ్గరికి రాగానే ఆమె చేయి దానంతట అదే ఆగింది.

"నిండా పొయ్యి" అన్నాను. "ఇంగ ఏమయితాది వానికి?"

ఆమె మళ్ళీ చెంబు వంచబోయింది. చుక్క పడలేదు. "నాకు రాదక్కా" అని చెంబు నా చేతిలో పెట్టేసింది. అక్కా అని పిలిచింది. ఈసారి వద్దనలేదు.

నేను పోశాను. గీత మునిగింది. గ్లాసు నిండింది, అంచు మీంచి పొర్లింది, విస్తరిలోకి పారి బజ్జీలు తడిశాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా పోశాను. తాగరా తిప్పయ్యా, ఇప్పుడు నిన్ను ఎవరూ కర్నూలు తీసుకుపోరు. గీత దాకా ఆమెది, గీత పైన నాది. దేవక్క ఫ్లాస్కు విప్పి, నాలుగు ఐసుముక్కలు తడిసిన విస్తరి మీద ఒక పక్కగా పెట్టింది.

అందరం బయటికొచ్చాం. తలుపు మూశారు. దేవక్క అందరి వెనక, వీధిలో ఎండలో నిలబడింది. ఆమెను పిలిచాను, ముందుకు రమ్మన్నాను, చేయిపట్టుకుని నా పక్కన నిలబెట్టుకున్నాను. అయినా తట్టడానికి, తలుపుకు దగ్గరగా మాత్రం నేనే నిలబడ్డాను.